పదునెనిమిది ప్రయాణములు

మన తెలుగువారి నుడికారములలో “భగీరథ ప్రయత్నము” అనునది ఒకటి. సాధ్యము కాదని పదుగురును విడిచిపెట్టిన కార్యమునకు ఎవరైనను నడుము కట్టినచో వారిని గూర్చి ఈ మాట వాడుదురు. పండితులును పల్లెవాసులును సమానముగా ఎరిగిన మాట యిది. అయితే నిత్యము వాడుకలోనున్న మాటల అర్థమును నిలిచి విచారించుట అరుదు. భగీరథుడు తపస్సు చేసెను, గంగ దిగివచ్చెను అని రెండు ముక్కలలో కథను ముగించి మనము ముందునకు సాగిపోవుదుము. శ్రీమద్రామాయణ బాలకాండమున విశ్వామిత్ర మహర్షి రామలక్ష్మణులకు ఈ వృత్తాంతమును చెప్పిన తీరు చూచినచో, అందులో ఎన్ని ప్రయత్నములు, ఎన్ని వైఫల్యములు ఇమిడియున్నవో తెలియగలదు.

సగర చక్రవర్తి కుమారులు అరువదివేలమంది కపిల మహర్షి కోపాగ్నికి భస్మమైరి. గంగాజలము సోకిననే గాని వారికి ఉత్తమగతి లేదని గరుత్మంతుడు అంశుమంతునకు చెప్పెను. సగరుడు 30,000 సంవత్సరములు రాజ్యమేలియు గంగను తెచ్చు ఉపాయమును కనుగొనలేక స్వర్గస్థుడయ్యెను. ఆయన మనుమడు అంశుమంతుడు హిమవత్పర్వతమున 32,000 సంవత్సరములు తపస్సు చేసి, కార్యము నెరవేరకయే దేహము చాలించెను. అంశుమంతుని కుమారుడు దిలీపుడు 30,000 సంవత్సరములు రాజ్యమేలెను. పితరులను ఉద్ధరించుట ఎట్లని చింతించి చింతించి, తుదకు వ్యాధిగ్రస్తుడై మరణించెను.

అటుపిమ్మట భగీరథుడు పూనుకొనెను. గోకర్ణమున వేయి సంవత్సరములు తపస్సు చేయగా బ్రహ్మ ప్రత్యక్షమయ్యెను. అంతటితో పని ముగియలేదు. గంగ పడు వేగమును భూమి సహింపజాలదు, ధరింపగలవాడు శివుడొక్కడే యని బ్రహ్మ పలికెను. భగీరథుడు కాలి బొటనవ్రేలిపై నిలిచి ఒక సంవత్సరము శివుని ఆరాధించెను. శివుడు గంగను శిరస్సున ధరించెను. ఆమె ఆ జటాజూటమునందే చిక్కుకొని బయటికి రాలేదు. భగీరథుడు మరల తపస్సు చేసెను. గంగ విడువబడి ఆయన రథము వెంట నడచుచు జహ్ను మహర్షి యజ్ఞశాలను ముంచివేయగా, ఆ మహర్షి ఆమెను సంపూర్ణముగా త్రాగివైచెను. దేవతలును ఋషులును వేడుకొనగా తన చెవులనుండి విడిచిపెట్టెను. చేతికందినదనుకొన్న ఫలము ఇన్నిమారులు చేజారినను, భగీరథుడు “ఇంక చాలును” అని రథమును అయోధ్యవైపు మరల్చలేదు.

ఈ కథ విన్న గృహస్థునకు ఒక సందేహము కలుగుట సహజము. ఎన్నిమారులు ప్రయత్నింపవలెను? సంఖ్య పూర్తియైనచో ఫలము తప్పక వచ్చునా? మన ఆచారములలో సంఖ్యకు స్థానము కలదు. నూటయెనిమిది ప్రదక్షిణములు, సహస్రనామార్చన, కోటి నామ జపము, మండల దీక్ష, ఏడు శనివారముల వ్రతము, ఇవన్నియు లెక్కతో కూడినవే. కుమార్తెకు వివాహము కుదురలేదని, కుమారునకు ఉద్యోగము దొరకలేదని, సంతానము లేదని, వ్యాధి నయము కాలేదని దంపతులు స్వామికి మ్రొక్కుకొని ఈ లెక్కలను భక్తితో పూర్తిచేయుదురు. లెక్క ముగిసినను కోరిక తీరనప్పుడు, “ఇన్ని చేసితిమి, స్వామి వినలేదు” అని మనస్సు క్రుంగును. ఆ క్రుంగుదలలో నిత్యదీపారాధనమును మానుకొన్న ఇండ్లును కలవు. కావున ఈ సందేహమును తేలికగా త్రోసివేయరాదు. దీనికి సమాధానము భగవద్రామానుజుల దివ్యచరిత్రయందు లభించుచున్నది.

శ్రీరామానుజులు 1017వ సంవత్సరమున శ్రీపెరుంబూదూరున అవతరించిరి. 1137వ సంవత్సరము వరకు ఈ లోకమున వేంచేసియుండిరని సంప్రదాయము. వారు శ్రీరంగము చేరి, అంతకుముందే పరమపదించిన యామునాచార్యుల శిష్యులను ఒక్కొక్కరిని ఆశ్రయించి, ఆ మహనీయుడు వారివద్ద నిక్షేపించిన అర్థములను గ్రహింపసాగిరి. ఆ క్రమమున పెరియనంబియను మహాపూర్ణులు, తిరుమంత్రార్థమును గోష్ఠీపూర్ణులయొద్ద తెలిసికొనుమని వారిని తిరుక్కోష్టియూరునకు పంపిరి.

తిరుక్కోష్టియూరు నేటి తమిళనాడున శివగంగ జిల్లాయందు సౌమ్యనారాయణ పెరుమాళ్ళు వేంచేసియున్న దివ్యదేశము. శ్రీరంగమునకు దక్షిణముగా, సుమారు నూరు కిలోమీటర్ల దూరమున నున్నది. కావేరిని దాటి ఎండకును వానకును ఓర్చి కాలినడకన పోవలెను. ఆ కాలమున అది కొన్ని దినముల ప్రయాణము. రామానుజులు పోయిరి, గోష్ఠీపూర్ణులు ఉపదేశింపక పంపివేసిరి. మరల పోయిరి, మరల తిరస్కారమే ఎదురయ్యెను. ఈ విధముగా పదునెనిమిది పర్యాయములు తిరిగిరని గురుపరంపరా కథలు చెప్పుచున్నవి. రానుపోను రెండువందల కిలోమీటర్ల చొప్పున లెక్కించినచో అది 3,600 కిలోమీటర్ల నడక. కాశ్మీరము మొదలు కన్యాకుమారి వరకు మన దేశపు పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. దానిని మించిన దూరమును ఆ మహాత్ముడు ఒక్క మంత్రార్థముకొరకు నడచెను.

ఆ నడచినవారు ఎవరో గూడ స్మరింపవలెను. యామునాచార్యుల స్థానమును అలంకరించిన యతిరాజు, శాస్త్రములన్నియు కరతలామలకములైన పండితుడు, శ్రీరంగమున శిష్యకోటిచే సేవింపబడు ఆచార్యుడు. అట్టివారు ఒక గ్రామమున ఒక గుమ్మము ముందు నిలిచి రిక్తహస్తములతో మరలివచ్చుట ఒక్కమారు జరిగినను అభిమానమునకు దెబ్బ. మనలో ఎవరికైన ఒక కార్యాలయమున రెండుమారులు “రేపు రమ్ము” అన్న మాట వినబడినచో మూడవమారు ఆ గడప త్రొక్కుటకు మనసొప్పదు. వారు పదునెనిమిది మారులు పోయిరి.

భక్తలోకమున ప్రసిద్ధమైన ఐతిహ్యమొకటి ఈ సందర్భమున చెప్పుకొందురు. రామానుజులు వాకిట నిలిచి “నేను రామానుజుడను, వచ్చితిని” అని విన్నవించుకొనగా, లోపలినుండి గోష్ఠీపూర్ణులు “ఆ నేను అనునది చచ్చిన తరువాత రమ్ము” అని పలికిరట. తుదకు “దాసుడను వచ్చితిని” అన్న పలుకు వినబడిన పిమ్మటనే తలుపు తెరువబడినదట.

ఈ ఐతిహ్యము మన సందేహమును విప్పుచున్నది. గోష్ఠీపూర్ణులు లోపల కూర్చుండి ప్రయాణములను లెక్కించుచుండిన వారు కారు. పదునెనిమిది యనునది మంత్రమునకు వారు కట్టిన వెలయును కాదు. మొదటినాడున్న గురువే కడపటినాడును ఉండెను. మంత్రమును అదియే, దారియు అదియే. మార్పు చెందినది నడచివచ్చిన వారి అంతరంగమొక్కటియే. బావిగట్టు రాతిమీద చేదత్రాడు నిత్యము ఒరయుచుండగా కొన్నాళ్ళకు గాడి పడును. ఏ దినపు ఒరపిడికి ఆ గాడి పడినదో చెప్పగలవారెవరు? మొదటి దినపు ఒరపిడి కంటికి ఏ గుర్తును చూపలేదు గాని, అది లేక గాడి లేదు. పదునేడు ప్రయాణములు వ్యర్థమై పదునెనిమిదవది మాత్రమే ఫలించినదనుట, పదునేడు మెట్లు వ్యర్థమై పదునెనిమిదవ మెట్టు మాత్రమే మేడ నెక్కించినదనుట వంటిది.

కావున సంఖ్య భగవంతునికి చెల్లింపవలసిన రుసుము కాదని మొదట గ్రహింపవలెను. నూటయెనిమిదవ ప్రదక్షిణము ముగియగనే స్వామి మనకు ఋణపడడు. ఆ సంఖ్యను పెద్దలు మన మేలుకొరకు ఏర్పరచిరి. రెండు ప్రదక్షిణములతో అలసి కూలబడు మనస్సును మూడవదానికి లేపుటకు, పదింటితో గర్వించు మనస్సును ఇంకను తొంబదియెనిమిది కలవని వంచుటకు ఆ లెక్క ఉపయోగపడును. ప్రతి పర్యాయమును మనలోని “నేను” కొంత అరుగవలెను. అట్లు అరుగనిచో పదునెనిమిది కాదు, పదునెనిమిదివేల మారులు తిరిగినను అది కాళ్ళకు శ్రమయే.

శ్రీవైష్ణవ సిద్ధాంతము నెరిగినవారు ఇచ్చట ఒక ఆక్షేపణ చేయవచ్చును. శరణాగతి ఒక్కమారు చేసిన చాలునని పూర్వాచార్యులు చెప్పిరి గదా. రక్షించువాడు ఆయన, రక్షింపబడువారము మనము. నడుమ మన ప్రయత్నముల గొడవ యెందులకు? అని వారు ప్రశ్నింపవచ్చును. ఈ ఆక్షేపణకు గజేంద్రుని చరిత్రము సమాధానము చెప్పును. భాగవతము అష్టమ స్కంధమున నున్న ఆ కథ పోతనామాత్యుని పుణ్యమా యని మన ఇండ్లలో పిల్లలకు గూడ తెలిసియున్నది. గజరాజు మకరముతో వేయి సంవత్సరములు పోరాడెను. ఎన్నిమారులు గట్టువైపు ఈడ్చినను అది మరల మడుగులోనికి ఈడ్చుచునేయుండెను. బలము తరిగి, ఆసరాగానున్న ఏనుగులు చేయునదిలేక నిలిచిపోయిన తరువాత, ఒక్క మొర. ఆ మొరకు స్వామి పరుగున వచ్చి కాపాడెను.

గజేంద్రుని రక్షించినది స్వామి కృపయే గాని వేయేండ్ల పోరాటము కాదు. ఇందు సందేహము లేదు. అయితే ఆ మొర ఆయన హృదయమునుండి వెలువడుటకు కారణమేమి? తనకు వేరు దిక్కు లేదను నిశ్చయము. దానినే మన ఆచార్యులు ఆకించన్యమనిరి. ఆ నిశ్చయము పుస్తకము చదివినంతనే కలుగదు. ఒక్కమారైనను కాలు విదల్పక, మొదటి దినముననే “నావలన కాదు” అని చతికిలబడినవాని మాట సోమరితనమునకు వేసిన ముసుగు. చేయగలిగినదంతయు చేసి చూచినవాడు పలికిన “నావలన కాదు” అను మాటలో సత్యముండును. శరణాగతి ఒక్కమారే; ఆ ఒక్కమారు నిజముగా పలుకుటకు మనము ఎన్నిమారులు ఓడవలెనో ఎవరు చెప్పగలరు?

ఈ సంగతి మహాత్ములకే గాక మన నిత్యజీవితమునకును వర్తించును. అర్జునుడు మనస్సు గాలివలె పట్టరానిదని మొరపెట్టుకొనగా కృష్ణపరమాత్మ ఆ మాటను కాదనలేదు. అది కష్టమేయని అంగీకరించి, అభ్యాసమును వైరాగ్యమును సాధనములుగా చూపెను. మనస్సు ఎచ్చటికి పరుగెత్తినను అచ్చటినుండి మరలించి తేవలెనని గీత ఆరవ అధ్యాయమున బోధించెను. ఇంటియందు ఒక తల్లి విష్ణుసహస్రనామ పారాయణమునకు కూర్చుండును. నాలుగు శ్లోకములు గడవకముందే మనస్సు పొయ్యిమీది పాలవైపు పోవును. తిరిగి గ్రంథముమీదికి తెచ్చును. బడికి పోయిన పిల్లవానివైపు పోవును, మరల తెచ్చును. పారాయణము ముగిసిన పిదప “ఇరువది మారులు నా మనస్సు పారిపోయినది” అని ఆమె విచారించును. ఆ మనస్సు ఇరువది మారులు స్వామి పాదములయొద్దకు తిరిగివచ్చినది గదా! ఆ తిరిగివచ్చుటలన్నియు సాధన గాక మరేమి?

మన తిరుమలేశుని సన్నిధిలోనే ఇందుకు మహోదాహరణ మొకటి కలదు. తాళ్ళపాక అన్నమాచార్యులు 1424వ సంవత్సరము మొదలు 1503 వరకు స్వామికి సంకీర్తనలను విన్నపము చేసిరని రాగిరేకులు తెలుపుచున్నవి. వారు రచించినవి 32,000 అని ప్రసిద్ధి. డెబ్బది తొమ్మిది సంవత్సరముల దినములు ఇంచుమించు 28,850. దినమునకు ఒకటికి మించి యన్నమాట. వాక్కునకు అందనివాడని వేదము చెప్పిన పరమాత్మను వాక్కున పట్టవలెనను పూనికకన్న అసాధ్యమైన లక్ష్యమేది? నిన్న పాడిన కీర్తనలో స్వామి పూర్తిగా ఇమిడియుండినచో నేడు మరియొకటి అవసరము లేదు. ఇమడలేదు గనుకనే నేడును పాడిరి, రేపును పాడిరి. స్వామిని మాటలలో కొలిచి ముగించుట వారికిని సాధ్యపడలేదు. సాధ్యపడని ఆ ప్రయత్నమే మనకు తరగని నిధియైనది.

ఇక ఎంత ప్రయత్నించినను ఫలమును చూడక గతించిన వారి మాట చెప్పక ఈ ప్రసంగమును ముగించుట న్యాయము కాదు. ప్రతి ప్రయత్నమునకును కోరిన ఫలమే, కోరిన కాలముననే లభించునని పెద్దలు మనకు వాగ్దానము చేయలేదు. అంశుమంతుడు గంగను చూడలేదు. దిలీపుడును చూడలేదు. వారి పూనిక వ్యర్థమా? తాత తపస్సును, తండ్రి వేదనను కన్నులార చూడని, చెవులార వినని ఇంట భగీరథుడు పుట్టియుండెడివాడా? మూడు తరములు మోసిన భారమును నాలుగవ తరము గమ్యమునకు చేర్చినది. నేడు ఒక తండ్రి తన జీవితమంతయు ఋణములు తీర్చుటకో, బిడ్డల చదువునకో, రోగియైన తోబుట్టువు సేవకో వెచ్చించి, తాను అనుకొన్నది చూడకయే కన్నుమూయవచ్చును. ఆయనను ఓడిపోయినవానిగా తలచు బిడ్డలు దిలీపుని స్మరింపవలెను. తెలుగు నుడికారము భగీరథుని పేరు పెట్టుకొన్నది గాని, ఆ ప్రయత్నమున దిలీపుని కన్నీరును కలిసియున్నది.

రామానుజుల కథలో ఒక భాగము ఇంకను మిగిలియున్నది. కడపటి పర్యాయము గోష్ఠీపూర్ణులు, దండపవిత్రములతో మాత్రమే రావలెనని కబురుచేయగా, రామానుజులు దాశరథిని, కూరేశుని వెంటబెట్టుకొనిపోయి, “దాశరథి నా దండము, కూరేశుడు నా పవిత్రము” అని విన్నవించిరి. తాను పొందు భాగ్యమునకు తనవారిని దూరము చేయలేని హృదయమది. ఉపదేశము జరిగెను. ఇతరులకు వెల్లడింపరాదని, వెల్లడించినచో నరకము తప్పదని గురువు నియమము విధించిరి. ఆ పిమ్మట రామానుజులు సౌమ్యనారాయణుని ఆలయ గోపురము నెక్కి, కోరివచ్చిన వారందరును వినునట్లు ఆ అర్థమును చాటిరి. గురువు ఆగ్రహించి ప్రశ్నింపగా, ఇందరు తరించుటకై తానొక్కడు నరకమున పడుట తనకు సమ్మతమని విన్నవించుకొనిరి. గోష్ఠీపూర్ణులు కరగిపోయి, వారిని కౌగిలించుకొని “ఎంబెరుమానార్” అని పిలిచిరి. “మా స్వామి” యని ఆ పేరునకు భావము.

తాను పదునెనిమిది ప్రయాణములు చేసి సంపాదించినదానిని, ఒక్క ప్రయాణమైనను చేయని వారికి ఒక్క గడియలో పంచిపెట్టిరి. “నేను ఇంత శ్రమపడితిని, మీరును తిరిగి తెచ్చుకొనుడు” అనలేదు. వారిలోని “నేను” నిజముగా నశించినదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను? భగీరథుడును గంగను తన దాహము తీర్చుకొనుటకు తేలేదు. విష్ణుపాదమున పుట్టిన ఆ తీర్థమున నేటికిని కోట్ల జనులు మునుగుచున్నారు. అన్నమయ్య పాటలను నేడు ఊయలయొద్ద తల్లులు పాడుచున్నారు. మన ప్రయత్నములు పండినవో లేదో తెలిసికొనుటకు ఇదియే గురుతు. కష్టించి సాధించినవాడు ఇతరుల త్రోవను సుగమము చేయునా, లేక తన కష్టమును కొలబద్దగా పట్టుకొని ఇతరులను కొలుచునా? మొదటివానికి ఫలము దక్కినది. రెండవవానికి ఇంకను కొన్ని ప్రయాణములు మిగిలియున్నవి.

శ్రీరామానుజులు తిరుపతియందు తమ మేనమామయైన తిరుమలనంబియొద్ద ఒక సంవత్సరము శ్రీమద్రామాయణార్థములను వినిరని సంప్రదాయము. ఈ పర్వతముపై పాదము మోపుటకు మనసొప్పక మోకాళ్ళతో ఎక్కిరని చెప్పుకొను తావు నేటికిని నడకదారిలో భక్తులకు దర్శనీయమై యున్నది. అలిపిరినుండి కొండకు సుమారు 3,550 మెట్లు. ప్రతి మెట్టునకును పసుపు కుంకుమలు పెట్టి నమస్కరించుచు ఎక్కు సువాసినులను మనము చూచుచున్నాము. వారు ఏ మెట్టును చిన్నచూపు చూడరు. అడుగున నున్న మెట్టునకును, ఆనందనిలయమునకు చేరువనున్న మెట్టునకును ఒకే పసుపు, ఒకే కుంకుమ. మన జీవితమున విఫలములని మనము త్రోసివేసిన ప్రయత్నములకును ఆ మాత్రపు గౌరవమును ఈయవలసియున్నది.

మ్రొక్కు తీరలేదని దీపమును ఆర్పుకొన్న ఇల్లు ఏదైన నున్నచో, ఈ సాయంకాలము అందు దీపము మరల వెలుగుగాక. అది మొదటి దీపము కానక్కరలేదు, కడపటి దీపమును కానక్కరలేదు. త్రోవలో నింకొక అడుగు అయిన చాలును. ఎన్నిమారులు వచ్చినను విసుగక కనులు విప్పి చూచు శ్రీనివాసుడు, మనకు మరల మరల తన వాకిటికి వచ్చు ఓపికను, వచ్చిన ప్రతి పర్యాయమును కొంత “నేను”ను విడిచిపోవు వివేకమును, లభించినదానిని నలుగురితో పంచుకొను హృదయమును ప్రసాదించుగాక.